వాచీకి కీ ఎక్కువైతే చెడిపోతుందా?

మన ఇండ్లలో తరతరాలుగా చెల్లుబాటవుతున్న నేరారోపణ ఒకటి వున్నది. చేతి వాచీ ఆగిపోతుంది. ఇంటి పెద్ద దానిని చెవి దగ్గర పెట్టుకొని, రెండుసార్లు విదిలించి, కీ తిప్పి చూస్తారు. కీ తిరగదు. వెంటనే పిల్లలవైపు చూచి, "ఎవరురా దీనికి కీ ఎక్కువిచ్చింది?" అని అడుగుతారు. ఈ ప్రశ్నకు సరియైన జవాబు చెప్పగలిగిన పిల్లలు నాకు తెలిసినంతలో ఎవరూ లేరు. మా ఇంట్లో ఆ నేరం మా అక్క మీద పడినది. ముప్పై నాలుగేండ్ల తర్వాత దానిమీద విచారణ జరిగి తీర్పు వచ్చినది. ఆ సంగతీ, ఆ సందర్భంలో నేను నేర్చుకొన్న నాలుగు మాటలూ మన పత్రిక పాఠకులకు చెబుదామని ఈ వ్యాసం వ్రాస్తున్నాను. నేను మెకానిక్కును కాను. మెట్రిక్యులేషను చదివి, తిరువళ్ళూరులో ఒక కార్యాలయంలో గుమాస్తాగా కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. తప్పులుంటే పెద్దలు దిద్దవచ్చును.

మాది తిరుత్తణి. 1960 ఏప్రిల్ 1వ తేదీన ఎల్లలు మారి, చిత్తూరు జిల్లా నుంచి మదరాసు రాష్ట్రంలోకి వచ్చిన ఊరు. అందుచేత ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఇంట్లో వాచీకి 'కీ' ఇస్తాము. వీధిలోకి వస్తే అదే పని 'సావి' ఇవ్వడమవుతుంది. రెండింటికీ అర్థం తాళంచెవే. వాచీకి తాళంచెవి ఎక్కడున్నదని మీరు అడగవచ్చును. పూర్వం వుండేది. జేబు గడియారాలకు నిజంగానే చిన్న తాళంచెవి ఒకటి విడిగా వుండేది, దానిని కంతలో దూర్చి తిప్పేవారు. 1840 దశకంలో ఏడ్రియన్ ఫిలిప్ అనే ఫ్రెంచివాడు ఆ చెవిని తీసివేసి, పక్కనున్న గుండీతోనే కీ ఇచ్చే పద్ధతిని కుదిర్చినాడు. చెవి పోయి నూట ఎనభై ఏండ్లయినా మాట మాత్రం మన నోట నిలిచిపోయినది.

మా నాయన చేనేత సహకార సంఘంలో లెక్కలు వ్రాసేవారు. 1978లో మదరాసు పోయి హెచ్.ఎం.టి. జనతా వాచీ ఒకటి కొనుక్కొని వచ్చినారు. హెచ్.ఎం.టి. వారు జపాను దేశపు సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో 1961లో వాచీలు చేయ నారంభించినారు. మొదటి వాచీలను నెహ్రూగారు విడుదల చేసినారు. జనతా, సోనా, పైలట్, కోహినూర్, కంచన్ అని వాటికి పేర్లు. పెండ్లికొడుక్కి కంచన్ పెడతారా లేదా అని సంబంధాలు చిక్కుబడిన రోజులు కొందరికి జ్ఞాపకం వుండవచ్చును. జనతా మాత్రం సామాన్యుడి వాచీ. పదిహేడు రాళ్ళు, చేతితో కీ, తేదీ గీదీ ఏమీ లేదు.

ప్రొద్దున నాయన స్నానానికి పోయినప్పుడు వాచీ సంగతి చూడడం అక్క పని. రేడియోలో వార్తలకు ముందు వచ్చే పిప్ పిప్ శబ్దాలు విని ముల్లు సరిచేసి, కీ ఇచ్చి, నాయన బయలుదేరే సమయానికి చేతికందించేది. ఆమెకు అదొక పదవి. 1991లో వానకాలం ఒకనాడు అట్లాగే కీ ఇచ్చి అందించినది. సాయంత్రం నాయన వాచీ ఆగిపోయి ఇంటికి వచ్చినారు. కీ తిప్పి చూచినారు. తిరగలేదు.

"నువ్వే గదమ్మా రోజూ తిప్పేది. బిగించి బిగించి స్ప్రింగు తెంచేస్తివి" అన్నారు.

కొట్టలేదు, తిట్టలేదు. వాచీని బీరువాలో పెట్టి, ఇక నువ్వు దీనిని ముట్టుకోవద్దని మాత్రం చెప్పినారు. మరుసటేడు బ్యాటరీ వాచీ కొనుక్కొన్నారు, దానికి కీ ఇచ్చే పనే లేదు. అక్క తన పెండ్లికి వచ్చిన వాచీని కూడ పెట్టుకోలేదు. "నా చెయ్యి మంచిది కాదప్పా" అని నవ్వుతూ చెప్పేది. నవ్వుతూనే చెప్పేది గనుక మేమెవరమూ పట్టించుకోలేదు.

నాయన పోయి నాలుగేండ్లయినది. పోయిన సంవత్సరం బీరువా సర్దుతుంటే ఆ వాచీ బయటపడినది. దానిని తిరువళ్ళూరుకు తెచ్చి, బజారులో అద్దాల పెట్టె వెనుక కూర్చుని పనిచేసే ఒక పెద్దాయన దగ్గరకు తీసుకొని పోయినాను. అందరూ ఆయనను భాయి అంటారు. వాచీ చేతిలో పెట్టగానే ఆయన మూత తీయలేదు. కంటికి అద్దమైనా పెట్టుకోలేదు. "ఆగిన రోజున కీ గట్టిగా వుండెనా, వదులుగా వుండెనా?" అని అడిగినారు.

గట్టిగా వుండెననీ, అసలు తిరగలేదనీ, స్ప్రింగు తెగినదని నాయన చెప్పినారనీ అన్నాను. ఆయన నవ్వి, "తెగిన స్ప్రింగు ఎక్కడైనా గట్టిగా వుంటుందా?" అన్నారు.

నేను అక్కడే నిలబడిపోయినాను. నాయన మాటలోనే దానికి జవాబు వున్నది. ముప్పై నాలుగేండ్లుగా ఇంట్లో ఒక్కరికీ అది తోచలేదు.

ఆ తర్వాత మూడు శనివారాలు మధ్యాహ్నంవేళ భాయి బల్ల పక్కన కూర్చుని చూచినాను. కీ వ్యవహారం మా కార్యాలయంలో ఫైలు నడిచినట్లే నడుస్తుందని నాకు అర్థమైనది. బయట మన వేళ్ళకు తగిలే గుండీ మొదటి బల్ల. దుకాణంలో దానిని క్రౌను అంటారు. దానికి బిగించిన సన్నని కాడ వాచీ లోపలికి పోతుంది. కాడ మీద రెండు చిన్న చక్రాలు ఎదురెదురుగా వుంటవి. వాటి పండ్లు రంపపు పండ్లవలె ఒక పక్కకు వాలి వుంటవి. ముందుకు తిప్పితే ఒకదానినొకటి పట్టుకొంటవి, వెనక్కు తిప్పితే జారిపోతవి. అక్కడి నుంచి ఇంకొక చక్రం, దాని నుంచి డబ్బీ మీదనుండే పెద్ద చక్రం. ఆ డబ్బీలో కాగితమంత పలుచని ఉక్కు పట్టీ, సుమారు అడుగు పొడవుది, చుట్ట చుట్టుకొని వుంటుంది. అదే మెయిన్ స్ప్రింగు. మనం కీ ఇస్తే అది నడి ఇరుసుకు బిగిసి చుట్టుకొంటుంది. పెద్ద చక్రం వెనక్కు తిరగకుండా ఒక చిన్న కొక్కెం కాపలా కాస్తుంది. కీ ఇచ్చేటప్పుడు మనకు వినబడే టిక్ టిక్ శబ్దం ఆ కొక్కెం పండ్లమీదుగా ఎగిరి దూకే శబ్దమే.

ఇది లోపలికి వచ్చే దారి. బయటికి పోయే దారి వేరు. స్ప్రింగు విప్పుకొంటూ డబ్బీని తిప్పుతుంది, డబ్బీ చక్రాలను తిప్పుతుంది, చివర బాలెన్సు చక్రం అటూ ఇటూ ఊగుతూ ఆ బలాన్ని కొంచెం కొంచెంగా వదులుతుంది. జనతా వాచీలో అది గంటకు 18,000 సార్లు, అనగా సెకనుకు అయిదుసార్లు. రోజుకు లెక్క కట్టి చూడండి, 4,32,000 అవుతుంది. కలియుగానికి ఎన్ని సంవత్సరాలని మన పెద్దలు చెప్పినారో, సరిగా అన్ని టిక్కులు. ఈ లెక్క భాయికి చెబితే ఆయన పెద్దగా ఆశ్చర్యపడలేదు గాని నేను రెండు రోజులు తలచుకొని సంతోషించినాను.

కాబట్టి వాచీ ఆగినప్పుడు మొదట తేల్చుకోవలసినది, ఫైలు ఏ బల్ల మీద ఆగినదన్నదే. బలం లోపలికి పోలేదా, లేక పోయి బయటికి రాలేక కూర్చున్నదా? దీనికి మూత తీయనక్కరలేదు. మా తిరుత్తణి నుంచి తిరుపతి వైపు పోయే రైలుదారిలో పుత్తూరు వున్నది. ఎముకల కట్టుకు పేరుపడిన ఊరు. అక్కడ కట్టు కట్టేవారు మొదట వ్రేళ్ళతో తడిమి చూస్తారు. భాయి చేసినదీ అదే. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, ఒక చెవి. ఇంతకుమించి ఆయనకు మొదటి అయిదు నిమిషాలూ ఏమీ అక్కరలేదు.

కీ తేలికగా తిరుగుతూ, టిక్ టిక్ శబ్దం వస్తూ, ఎంత తిప్పినా ఎక్కడా ఆగదనుకోండి. చేతితో కీ ఇచ్చే వాచీలో అది స్ప్రింగు తెగిన గుర్తు, లేదా దాని కొస కొక్కెం నుంచి ఊడిన గుర్తు. తెగిన బావితాటిని చేదినట్లుంటుంది. చేయి ఆడుతూనే వుంటుంది, బరువు రాదు. అట్లా కాక, తిప్పినంతసేపు బిగిసి, వ్రేళ్ళు వదలగానే గుండీ గిర్రున వెనక్కు తిరిగితే కాపలా కొక్కెం పనిచేయడం లేదన్నమాట. అది విరిగి వుండవచ్చు, దానిని నొక్కిపట్టే తీగ ఊడి వుండవచ్చు. ఈ స్థితిలో మళ్ళీ మళ్ళీ తిప్పి చూడడం మంచిది కాదు. స్ప్రింగు ఒక్కసారిగా వెనక్కు కొట్టడంవల్ల మంచి పండ్లు కూడ చెడుతవి.

అర చుట్టు పట్టి, కటుక్కుమని జారి, మళ్ళీ పట్టి, మళ్ళీ జారితే పండ్లు అరిగినవి. తిప్పిన ప్రతిసారీ ఇసుక నలిగినట్లు కరకర మంటే చెమ్మ చేరి త్రుప్పు పట్టినది. చెన్నపట్నం వైపు సముద్రపు గాలికి, మన చెమటకు ఇది సర్వసాధారణం. కీ ఇస్తుంటే ముళ్ళు తిరుగుతున్నవా? అయితే గుండీ లోపలికి సరిగా కూర్చోలేదు, టైము సరిచేసే స్థానంలోనే చిక్కుకొన్నది. ఏ శబ్దమూ లేక, గుండీ ఒక్కటే ఉత్తుత్తగా తిరుగుతుంటే మర వదులై గుండీ కాడమీద జారుతున్నదేమో చూడాలి.

గుండీ కాడతో సహా చేతిలోకి ఊడి వస్తే ఇంట్లోవాళ్ళు హడలిపోతారు. నిజానికి ఇది చిన్న జబ్బు కావచ్చును. కాడ కొస దగ్గర ఒక గాడి వుంటుంది. ఆ గాడి, కొస చెక్కు చెదరక వుంటే లోపల పట్టుకొనే మీట మర వదులైనది, అంతే. విరిగి వుంటే కొత్త కాడ వేయాలి. ఎట్లయినా ఊడినదానిని పారవేయకుండా పొట్లం కట్టి తీసుకొని పొమ్మని భాయి హెచ్చరిక. దాని కొలత లేకపోతే ఆయన తిప్పలు ఆయనకే తెలుసును.

ఇక మా వాచీ జాతి జబ్బు. కీ గట్టిగా, నిండుగా వుంటుంది, వాచీ నడవదు. ఇక్కడ కీ దోషమే లేదు. కీ తన పని పూర్తిగా చేసినది. జీతం ఖాతాలో పడినది గాని బ్యాంకు తలుపులు మూసివున్నవి. దోషం అవతలి దారిలో వున్నది: ఎండిన నూనె, దుమ్ము, వంగిన ఇరుసు. జనం మాత్రం ముట్టుకొన్నచోట గట్టిగా వున్నది గనుక అక్కడే చెడినదనుకొంటారు. 'కీ ఎక్కువైనది' అన్న మాట ఇట్లా పుట్టినదే. కీ నిండుతుంది, నిండిన తర్వాత ఇక తిరగదు, అంతవరకే. రోజూ నిండా ఇవ్వడం దానికి కావలసినదే గాని అపకారం కాదు. నిండిన తర్వాత కూడ మొండిగా బలం పెట్టి తిప్పితే పండ్లో కాడో చెడవచ్చును, అది వేరు సంగతి. పదహారేండ్ల పిల్ల లేత వ్రేళ్ళకు అంత బలం ఎక్కడిది? పాతకాలపు ఉక్కు స్ప్రింగులు తెగేవి, నిజమే. అవి లోహం అలసి, త్రుప్పు పట్టి తెగేవి. తెగిన క్షణంలో కీ ఎవరి చేతిలో వుంటే వారిమీద నింద పడేది. తర్వాత వచ్చిన మిశ్రలోహపు స్ప్రింగులు తెగడం చాల అరుదు.

వాచీ నడుస్తుంది గాని పూట గడవకముందే ఆగుతుందంటే ఒక లెక్క చేయండి. ఆగిన తర్వాత కీ ఇస్తూ, నిండేవరకు ఎన్ని తిప్పులు పట్టినవో చూడండి. మామూలుగా ఇరవై, ముప్పై తిప్పుల నడుమ వుంటుంది, దానితో ఒకటిన్నర రోజు నడవాలి. ఆగిన వాచీకి అయిదారు తిప్పులకే నిండిపోతే లోపల బలం వుండగానే ఆగినదన్నమాట. నూనె, దుమ్ము సంగతి చూడాలి. మామూలు తిప్పులన్నీ పట్టి కూడ త్వరగా ఆగితే స్ప్రింగు అలసిపోయినదని అనుమానించాలి. ఈ లెక్క ఒక చీటీమీద వ్రాసుకొని పోతే రిపేరీదారు మిమ్మల్ని కొంచెం గౌరవంగా చూస్తాడు.

ఆటోమేటిక్ వాచీలకు పైన చెప్పినదంతా వర్తించదు. వాటిలో స్ప్రింగు కొస డబ్బీ గోడకు కొక్కెంతో తగిలించి వుండదు; నిండగానే జారేటట్లు ఏర్పాటు చేసి వుంటుంది. కాబట్టి వాటికి ఎంత తిప్పినా ఆగదు, అది జబ్బు కాదు. సింగపూరు నుంచి, గల్ఫు నుంచి మనవాళ్ళు తెచ్చిన పాత సీకో ఫైవ్ వాచీలు చాలవాటిలో చేతితో కీ ఇచ్చే సౌకర్యమే లేదు. చేతికి పెట్టుకొని నడవాలి, లేదా మెల్లగా ఊపాలి. ఆ సంగతి తెలియక, కీ పట్టడం లేదని దుకాణాల వెంట తిరిగినవారు మా కార్యాలయంలోనే ఇద్దరున్నారు. చేతి ఊపుతో కీ తీసుకొనే చేతి వాచీకి 1924లో స్విట్జర్లాండులో పేటెంటు పొందినవాడు జాన్ హార్వుడ్ అనే ఇంగ్లీషు వాచీ పనివాడు. గుండీ దగ్గరి కంతలోంచే దుమ్మూ చెమ్మా లోపలికి పోతున్నవని చూచి, ఆయన ఆ గుండీనే తీసివేసినాడు. మనం గుండీ తీసివేయలేము గాని వాచీని చేతినుంచి విప్పి కీ ఇవ్వగలము. చేతికి వుండగానే ఇస్తే కాడ ఒక పక్కకు ఒరిగి కంత పెద్దదవుతుంది. చెమట పట్టిన వ్రేళ్ళు తుడుచుకోవడం కూడ మంచిది.

మూడవ శనివారంనాడు భాయి మా వాచీ మూత తీసినారు. కంటికి అద్దం పెట్టుకొని, ముందుగా బలం దింపాలన్నారు. బలం నిండి వున్న డబ్బీని విప్పడం ప్రమాదం. మనం ఇంట్లో ప్రయత్నించకూడని పని. ఆయన గుండీని వ్రేళ్ళతో పట్టుకొని, పట్టకారు కొసతో కాపలా కొక్కెమును పక్కకు తొలగించి, మెల్లమెల్లగా వదిలినారు. ఆయన వ్రేళ్ళ నడుమ గుండీ వెనక్కు తిరగడం మొదలుపెట్టినది. తిరిగి, తిరిగి, చాలసేపటికి ఆగినది.

"నిండా వున్నది. ఎవరో చక్కగా ఇచ్చినారు" అన్నారు భాయి.

1991లో ఆనాటి ప్రొద్దున అక్క ఇచ్చిన కీ అది. అంతా అట్లాగే లోపల వున్నది. స్ప్రింగు తెగలేదు, కొక్కెం విరగలేదు, ఒక్క పన్ను అరగలేదు. నూనె మాత్రం చింతజిగురువలె గోధుమరంగుకు తిరిగి, రాళ్ళ దగ్గర గడ్డకట్టి వున్నది. వాచీని నాలుగైదేండ్లకొకసారి విప్పి, కడిగి, నూనె వేయించాలట. నాయన పదమూడేండ్లలో ఒక్కసారైనా వేయించలేదు. ఈ వాక్యం వ్రాయడానికి నాకు చెయ్యి ఆడడం లేదు. కాని ఒకరి పేరు కొట్టివేసినప్పుడు ఆ గళ్ళో ఏదో ఒకటి వ్రాయక తప్పదు గదా.

అన్నేండ్లు బిగిసి వుండి స్ప్రింగు చేవ తగ్గినది గనుక మార్చవలసి వచ్చినది. హెచ్.ఎం.టి. వాచీల సంస్థను మూసివేయడానికి 2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించినది. భాయి తన రేకు డబ్బాలో దాచివుంచిన చెడిన జనతాలలో మంచి స్ప్రింగు వున్నదానిని వెదకి, అందులోంచి తీసి వేసినారు. చెడిన వాచీ ఇంట్లో వుంటే పాత సామానువానికి వేయవద్దని ఆయన మరీ మరీ చెప్పినారు. ఒకదాని ప్రాణం ఇంకొకదానికి పనికివస్తుంది.

ఆ ఆదివారం ఎలక్ట్రిక్ రైలెక్కి, అరక్కోణం మీదుగా తిరుత్తణి పోయినాను. అక్క కొండ కింద వీధిలోనే వుంటున్నది, మెట్లెక్కే భక్తుల సందడి వాకిట్లోకి వినబడుతుంది. ఆ మెట్లు సంవత్సరానికెన్ని రోజులో అన్ని, 365. బల్లమీద వాచీ పెట్టినాను. చూచినది, చేయి వెనక్కు తీసుకొన్నది.

"నాయన వాచీ గదరా ఇది. నాకెందుకు తెస్తివి?"

భాయి గుండీ వదిలినప్పుడు అది ఎంతసేపు వెనక్కు తిరిగినదో చెప్పినాను. స్ప్రింగు తెగలేదని చెప్పినాను. నూనె సంగతి కూడ చెప్పినాను. అక్క చాలసేపు ఏమీ అనలేదు. కొంగుతో వాచీ అద్దం తుడిచినది.

"ఇరవై రెండు తిప్పులురా. నేను ఏ రోజూ ఇరవై రెండు దాటలేదు. నాయనకు చెప్పినాను. వినలేదు" అన్నది.

వాచీని ఎడమచేతిలో పట్టుకొని, కుడి వ్రేళ్ళు చీరకు తుడుచుకొని, తిప్పడం మొదలుపెట్టినది. పెదవులు కదులుతున్నవి, లెక్కపెడుతున్నది. ఇరవై రెండు దగ్గర ఆపినది. స్ప్రింగు వేరొక వాచీది గనుక ఇంకా రెండు మూడు పడుతుందని చెప్పినాను.

"చాల్లే" అని వాచీని చెవి దగ్గర పెట్టుకొన్నది.